'గోపల్ల గ్రామం': మన అవ్వ కథ, తమిళంలో

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. రాసింది మాత్రం తమిళంలో. 1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం' మనలాంటి వలస కుటుంబాల కథ.

మొదట్లోనే ఒక చావు. దారిన పోతున్న గర్భిణి చెరువులో నీళ్లు తాగుతుంటే నగల కోసం దొంగ ఆమెను చంపుతాడు. ఆ తీర్పు, ఊళ్లోవాళ్ల బతుకులు, వందేళ్లు దాటిన మంగత్తాయారు అవ్వ జ్ఞాపకాలు ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. చెన్నాదేవిని రాజు కంటబడకుండా కాపాడుకోవాలని తెలుగునాడు వదిలి పారిపోయిన కథ అవ్వ చెబుతుంది. ఏరు దాటడానికి చెట్టే వంగిందట! నమ్మాలా అని అడగబుద్ధి కాదు. పోగొట్టుకున్నదాన్ని తట్టుకోడానికి అవ్వకు తెలిసిన కళ కథ చెప్పడమే.

ఒక లోటుంది. చెన్నాదేవి అందం గురించి ఎంతో వింటాం, ఆమె మనసు గురించి తక్కువ. ఇంకోటి, ఇది అవ్వ జ్ఞాపకమేగానీ శాసనం కాదు. మన వలసకు రుజువుగా చూపేవాళ్లు ఈ తేడా మరవకూడదు.

ఆయనే 1982లో కరిసల్ సీమ తమిళ మాటలకు నిఘంటువు కూర్చారు. మా అమ్మ వాడిన తెలుగు మాటలు సగం మా పిల్లలకు తెలియవు. తమిళం చదవగలిగినవాళ్లు ఈ నవల ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. మధ్యలో వాళ్లు ఆపి చెప్పే మాటలు రాసిపెట్టుకోండి.