కిలోమీటరుకు పాతిక మిల్లీలీటర్లు

చిన్న కారుకు కంపెనీ ప్రకటించే మైలేజ్ ప్రయోగశాలలో తేలిన అంకె. మన దేశంలో ఆ పరీక్ష జరిపి ధ్రువీకరించేవి పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు. మారుతి ఆల్టో కె10 మాన్యువల్ మోడల్‌కు అలా వచ్చిన అంకె లీటరుకు 24.39 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 41 మిల్లీలీటర్ల పెట్రోలు. అలాంటి కారు పొద్దస్తమానం హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లోనే తిరిగితే మైలేజ్ పదిహేను దగ్గర ఆగిపోవడం మామూలే. అప్పుడు కిలోమీటరుకు 66 మిల్లీలీటర్లకు పైగా ఖర్చవుతుంది. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో ఈ తేడా పదిహేను లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే 1,600 రూపాయలకు పైనే. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. బంకులో తక్కువ కొట్టారనో, మెకానిక్ సరిగా చూడలేదనో, బండే మంచిది కాదనో అనుమానాలు పుట్టేది ఇక్కడే. ఎవరినైనా తప్పుపట్టే ముందు, కిలోమీటరుకు అదనంగా పోతున్న ఆ పాతిక మిల్లీలీటర్లు ఎక్కడికి పోతున్నాయో లెక్క చూడాలి.

ముందు పరీక్ష సంగతి. అందులో కారు రోడ్డెక్కదు. చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి. రోడ్డు మీద ఎదురయ్యే గాలి నిరోధాన్నీ, బరువునూ ఆ రోలర్లే కల్పిస్తాయి. తెర మీద కనిపించే వేగరేఖను డ్రైవరు తు.చ. తప్పకుండా అనుసరిస్తాడు. ఆ రేఖకు మూలం పాత యూరప్ పరీక్ష. మన దేశానికి తగ్గట్టు గరిష్ఠ వేగాన్ని గంటకు 90 కిలోమీటర్లకు దించారు. పరీక్ష మొత్తం 1180 సెకన్లు. మొదట 195 సెకన్ల నగర భాగాన్ని నాలుగుసార్లు నడుపుతారు. ఒక్కోసారి దాదాపు కిలోమీటరు దూరం. తర్వాత 400 సెకన్ల పాటు ఊరి బయటి రోడ్డును పోలిన పరుగు. అందులో సుమారు ఆరున్నర కిలోమీటర్లు. అంటే మొత్తం దూరంలో అరవై శాతం ఎక్కడా ఆగకుండా సాగేదే. ఏసీ ఆపేసి ఉంటుంది. నగర భాగంలో సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 26 సెకన్లు తీసుకుంటారు. నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాలో పచ్చలైటు పడ్డాక అంత నింపాదిగా కదిలితే వెనకున్న ఆటోలు హారన్లతో ఊరుకోనివ్వవు. తన పాత పరీక్ష వాస్తవానికి దూరంగా ఉందని గుర్తించిన యూరప్, 2017లో డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పద్ధతికి మారింది.

పాతిక మిల్లీలీటర్లలో మొదటి వాటా బ్రేకులది. ఎనిమిది వందల కిలోల లోపు బరువుండే చిన్న కారులో ఇద్దరు కూర్చుంటే మొత్తం 930 కిలోలనుకుందాం. దాన్ని 30 కిలోమీటర్ల వేగానికి తెచ్చేందుకు సుమారు 32 కిలోజౌళ్ల శక్తి కావాలి. నగరంలో ఇంజన్ సామర్థ్యం ఇరవై శాతం అనుకుంటే, అందుకు ఐదు మిల్లీలీటర్ల పెట్రోలు మండాలి. బ్రేకు తొక్కగానే ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారి పోతుంది. అంటే 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆగిన ప్రతిసారీ ఒక చెంచాడు పెట్రోలు పోయినట్టే. 40 నుంచి ఆగితే ఇంచుమించు రెండు చెంచాలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వెళ్లే రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలున్నాయి. పక్కన బస్సులు ఆగుతాయి. సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లలో ఆట వదిలితే జనం ఒక్కసారిగా రోడ్డు మీదికొస్తారు. పరీక్షలోని నగర భాగంలో కిలోమీటరుకు మూడుసార్లే ఆగుతారు. ఇక్కడ దాని మీద మరో రెండుసార్లు ఆగినా పది మిల్లీలీటర్లు అదనం.

రెండో వాటా కదలకుండా నిలబడి కాల్చే పెట్రోలుది. చిన్న ఇంజన్ ఊరికే తిరుగుతున్నా గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. నిమిషానికి పన్నెండు మిల్లీలీటర్లు. ఆ నిమిషంలో దూరం సున్నా. కిలోమీటరుకు ఒక నిమిషం అదనంగా సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు, రెండో పద్దు కూడా నిండిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపమని పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ ఏళ్ల తరబడి ప్రచారం చేస్తున్నది ఇందుకే. అర నిమిషం పైన ఆగాల్సివస్తే తాళం తిప్పడమే లాభం.

మూడో వాటా పెట్రోలుదే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. మామూలు పెట్రోలుకు తయారై, పది శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో ఈ20 వల్ల మైలేజ్ ఆరేడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక అంచనా కట్టింది. పది శాతం మిశ్రమానికి తయారై ఈ20కి సర్దిన కార్లలో తగ్గేది ఒకటి రెండు శాతమే. పాత కారుకు ఇది కిలోమీటరుకు మూడు నాలుగు మిల్లీలీటర్లు. కాబట్టి నష్టమంతా ఇథనాల్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు. బ్రేకులూ సిగ్నళ్లూ తాగేదే ఎక్కువ.

ఈ మూడూ కలిపితే పాతిక మిల్లీలీటర్లు తేలాయి. ఏసీ దీని పైన. కంప్రెసర్‌ను తిప్పేది ఇంజనే. నెమ్మదిగా పాకే కారును లాగడానికి కావలసిన శక్తి ఎలాగూ తక్కువే. అందులో ఏసీ తీసుకునే భాగం పెద్దదిగా కనిపిస్తుంది. నిమిషానికి మూడు మిల్లీలీటర్లే అనుకున్నా, కిలోమీటరుకు నాలుగు నిమిషాలు పట్టే రోడ్డులో పన్నెండు మిల్లీలీటర్లు. పదిహేను ఇచ్చే బండి పదమూడుకు దిగుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో ఏసీ లేకుండా తిరగమనడం పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటికి సలహా కాదు. ఎండలో నిలిపిన కారు అద్దాలు రెండు నిమిషాలు దించి, వేడిగాలి పోయాక ఏసీ వేస్తే కొంత భారం తగ్గుతుంది.

చిన్న కారు బలమంతా దాని తేలికదనంలో ఉంది. బలహీనతా అదే. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 260 కిలోలు. చిన్న కారు బరువులో అది మూడో వంతు. 1,700 కిలోల పెద్ద కారుకు అదే బరువు పదిహేను శాతమే. మనుషుల బరువైనా, ఏసీ అయినా, టైర్లలో తగ్గిన గాలైనా చిన్న కారు మైలేజ్‌నే ముందుగా దెబ్బతీస్తుంది.

అశోక్‌నగర్ గల్లీలది మరో చిక్కు. కోచింగ్ సెంటర్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చే విద్యార్థులు, రెండు పక్కలా నిలిపిన బైకులు. కారు మొదటి, రెండో గేర్లు దాటదు. యాక్సిలరేటర్ కొద్దిగానే నొక్కినప్పుడు గాలి వెళ్లే మార్గం దాదాపు మూసుకుని ఉంటుంది; ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజన్ కొంత శక్తి వృథా చేసుకుంటుంది. హాఫ్ క్లచ్ మీద నడిపితే మరికొంత పోతుంది. పైగా ఇక్కడి పనులన్నీ రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనివే. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. చల్లటి ఇంజన్‌కు మామూలు కంటే ఎక్కువ పెట్రోలు కావాలి. ఆయిల్ కూడా చిక్కగా ఉండి ఘర్షణ పెంచుతుంది. మూడు చిన్న పనులకు మూడుసార్లు కారు తీయకుండా ఒకే విడతలో చుట్టిరావడం మైలేజ్‌కు మేలు.

రోడ్డు మారితే ఏం జరుగుతుందో ఇక్కడే చూడొచ్చు. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ కూడలి దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నళ్ల మీదుగా, మెట్రో కంటే ఎత్తున సాగుతుంది. పైకెక్కడానికి ప్రతి పది మీటర్ల ఎత్తుకూ పది నుంచి పదిహేను మిల్లీలీటర్ల దాకా ఖర్చవుతుంది. దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోలు సరఫరా ఆగుతుంది కాబట్టి అందులో కొంత తిరిగొస్తుంది. కింద రెండు సిగ్నళ్ల దగ్గర మూడు నాలుగు నిమిషాలు నిలబడే వేళల్లో వంతెనే చవక.

బండిలో లోపముందో లేదో తేల్చే పద్ధతి సులువైనది. ట్యాంకు నింపేటప్పుడు నాజిల్ దానంతటదే ఆగిన చోట ఆపించాలి; గుండ్రటి అంకె కోసం ఇంకా పోయించకూడదు. ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. ట్యాంకు బాగా ఖాళీ అయ్యాక అదే బంకులో, అదే తీరుగా నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. 375 కిలోమీటర్లకు 25 లీటర్లు పడితే పదిహేను. అదే బండిని ఒకసారి వరంగల్ రోడ్డు మీద ఐదో గేరులో 70, 80 వేగంతో నడిపి మళ్లీ లెక్కించాలి. అక్కడ ఇరవై దాటితే బండి బాగున్నట్టే, తేడా రోడ్డుదే. అక్కడా పదిహేనే వస్తే టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, చక్రాన్ని వదలకుండా పట్టేసే బ్రేకులు చూపించాలి. టైర్ల గాలి మటుకు ఎలాగూ పదిహేను రోజులకోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాల్సిందే.

కంపెనీ చెప్పే అంకె రెండు కార్లను ఒకే కొలతతో పోల్చుకోవడానికి పనికొస్తుంది. కొనేటప్పుడు దాన్ని అంతవరకే నమ్మాలి. నెల ఖర్చు వేసుకోవడానికి మాత్రం, తిరిగే వీధుల్లో ట్యాంకు నుంచి ట్యాంకుకు తేల్చుకున్న సొంత అంకెనే ఆధారం చేసుకోవాలి.