డప్పు దించని ప్రార్థన

మా ఆశ్రమ పాఠశాలలో చదువుకుని ఐటీఐకి వెళ్లిన ఒక కుర్రవాడు సెలవులకు ఊరొచ్చినప్పుడు తన ఫోన్ మా చేతిలో పెట్టాడు. "ఇది దేవుడి పాట మాస్టారూ, వినండి" అన్నాడు. విన్నాం. ముందు గిటారు ఉరిమింది. తర్వాత డ్రమ్స్ విరుచుకుపడ్డాయి. వాటి మీద ఒక మనిషి గొంతు చించుకుని అరిచాడు. దేవుడి పాటంటే మెల్లగా, కళ్లు మూసుకుని పాడేదని మాకు అలవాటు. ఇదేం దేవుడి పాటరా అని నవ్వాం. వాడు నవ్వలేదు. వాడి తండ్రి సారా వల్లే పోయాడు. ఆ అరుపులో మాకు వినబడనిదేదో వాడికి వినబడింది. అదేమిటో తెలుసుకుందామని ఆ ఆల్బమ్ మొత్తం పలుమార్లు విన్నాం.

ఆల్బమ్ పేరు 'సేవ్ మీ ఫ్రమ్ మైసెల్ఫ్'. నా నుంచి నన్ను కాపాడు అని అర్థం. 2008 సెప్టెంబరులో వచ్చింది. పాడినవాడు బ్రయన్ వెల్చ్. అభిమానులు 'హెడ్' అని పిలుస్తారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బేకర్స్‌ఫీల్డ్‌లో 1993లో పుట్టిన 'కార్న్' బృందంలో ఇతను గిటారు వాద్యకారుడు. ఆ బృందం 1998లో తెచ్చిన 'ఫాలో ద లీడర్' ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. డబ్బు, పేరు, జనం అన్నీ వచ్చాయి. వాటితోపాటు మెథాంఫెటమిన్ అనే మత్తుమందు కూడా వచ్చి అతని మెడకు చుట్టుకుంది. చిన్నపిల్లయిన కూతురు కార్న్ పాడిన ఒక బూతు పాటను ఇంట్లో పాడుకుంటుంటే విన్నాననీ, అప్పుడే గుండె జారిందనీ అతనే చెప్పుకున్నాడు. 2005 ఫిబ్రవరిలో బృందాన్ని వదిలేశాడు. మార్చిలో యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. 2007లో ఇదే పేరుతో ఆత్మకథ రాశాడు. ఆ మరుసటి ఏడాది ఈ ఆల్బమ్.

ఇందులో 11 పాటలున్నాయి. కార్న్‌లో పాడే పని జోనథన్ డేవిస్‌ది, వెల్చ్‌ది వాయించే పని. ఇక్కడ తానే గొంతెత్తాడు. అంత తీరైన గొంతు కాదు. కొన్నిచోట్ల బొంగురు, కొన్నిచోట్ల వణుకు. కానీ ఈ కథకు తీరైన గొంతు అతకదు. వెనక వాయించినవారు మాత్రం ఆరితేరినవాళ్లు. డ్రమ్స్ జోష్ ఫ్రీస్, బాస్ గిటారు టోనీ లెవిన్. మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయి. కార్న్ వాళ్లు ఏడు తీగల గిటారు పట్టి, శ్రుతిని ఇంకా కిందికి దించి వాయించారు. చెవికి వినబడే ముందే ఛాతీకి తగిలే మోత అది. పెద్ద తుడుము దగ్గర నిలబడినవారికి ఆ తాకిడి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

'ఫ్లష్' అనే పాట మత్తులో మునిగిన రోజుల గురించి. ఆ పాట వీడియోలో పాత బతుకు వికారాన్ని కప్పకుండా చూపించినందుకు కొందరు క్రైస్తవులే అభ్యంతరం చెప్పారు. మాకు మాత్రం ఆల్బమ్‌లో అన్నిటికన్నా నిజాయితీ అయిన చోటు అదే అనిపించింది. వ్యసనం నుంచి బయటపడినవాళ్ల సాక్ష్యాలు చాలా విన్నాం. నిన్న చీకటి, నేడు వెలుగు అని రెండు ముక్కల్లో ముగిస్తారు. మధ్యలో వణికిన రాత్రుళ్లు ఉండవు. వెల్చ్ ఆ రాత్రుళ్లను మోతలో పెట్టాడు. బైబిలు కీర్తనల్లో స్తుతి ఎంత ఉందో మొర కూడా అంత ఉంది. చర్చిలో మనం స్తుతినే ఎక్కువ వింటాం. ఈ ఆల్బమ్ మొర వైపు నిలబడింది. కుర్రవాడికి వినబడిందీ అదే అయుండాలి.

'డై రెలిజియన్ డై' అనే పాట పేరు విని మేము ఉలిక్కిపడ్డాం. మారుమనసు పొందినవాడు మతం చావాలని పాడటమేమిటి? వింటే తెలిసింది, అతని గొడవ దేవుడితో కాదు, దేవుడి పేరుతో మనుషులు కట్టిన దడులతో. ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు అని కొలిచే చూపుతో.

ఇక్కడే ఈ ఆల్బమ్ మన గూడేలకు తగులుతుంది. ప్రార్థనలో చేరినవారిలో కొందరు థింసా మానేస్తారు, తుడుము ముట్టరు. అందరూ అలా కాదు, డప్పు మోగే ప్రార్థనలూ ఉన్నాయి. కానీ మానేసినవారిని అడిగితే, సారా, డప్పు, పాత బతుకు ఒకే మూట అంటారు. మూట మొత్తం ఏట్లో వేయాలంటారు. వెల్చ్ అలా చేయలేదు. మత్తు వదిలాడు, బృందం వదిలాడు, గిటారు వదల్లేదు. పాత మోతతోనే కొత్త మాట చెప్పాడు. 2013లో తిరిగి కార్న్‌లోనే చేరాడు, విశ్వాసం వదలకుండా. తప్పు తాగుడుది, వాద్యానిది కాదు అన్న మాట అతని నడతలో ఉంది.

అయితే పోలికను మరీ సాగదీయకూడదు. అతని గిటారు అతని సొంతం. మన తుడుము ఊరిది, పండగది. థింసాలో ఒకరి వెనక ఒకరం చేతులు పెనవేసి ఆడతాం. ఒకరు తప్పుకుంటే వరసలో చేయి ఊడుతుంది. అతను గిటారు ఉంచుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. మన కుర్రవాడు అటు పాస్టరుకూ ఇటు ఊరి పెద్దలకూ జవాబు చెప్పాలి. ఏ దేవుణ్ణి మొక్కాలో చెప్పడం మా పని కాదు. మొక్కే దేవుడు మారినంత మాత్రాన చేతిలో వాద్యం మైలపడదని మాత్రం చెప్పగలం.

ఆల్బమ్‌లో లోపాలున్నాయి. మోత మీద మోత పేర్చడంతో మధ్య పాటలు ఒకదానికొకటి తేడా తెలియకుండా పోతాయి. తుడుము వాయించేవాడికి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది, ఆ ఆపులోనే అడుగు పడుతుంది. ఇక్కడ ఆపులు తక్కువ. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి. పాటల్లో ఎక్కువ భాగం 'నేను, నువ్వు' అనే ఇద్దరి మధ్యే నడుస్తుంది. నువ్వు అంటే దేవుడు. అన్నం పెట్టినవాళ్లు, పిల్లను చూసుకున్నవాళ్లు, పక్కన కూర్చున్నవాళ్లు కనబడరు. మనిషి ఒంటరిగా మునిగి, ఒంటరిగా తేలినట్టుంటుంది. బతుకు అలా ఉండదు. 2018లో వచ్చిన 'లౌడ్ క్రేజీ లవ్' అనే డాక్యుమెంటరీ చూస్తే, ఆల్బమ్ తర్వాత కూడా ఆ తండ్రీకూతుళ్ల దారి ఎంత గతుకులుగా సాగిందో అర్థమవుతుంది. కూతురికి ఇతరులు అండగా నిలవాల్సి వచ్చింది. ఆల్బమ్ చెప్పని సగం ఆ చిత్రంలో ఉంది.

ఉపాధ్యాయులకు ఈ మాట ముఖ్యం. పిల్లలు ఇలాంటి పాట విని, ఒక్క ప్రార్థనతో అంతా అయిపోతుందనుకుంటారు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు ఉండాలి, మందులుండాలి, ఇంట్లో మనిషుండాలి. వ్యసనం మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446 ఉంది. బడి గోడ మీద రాసిపెడితే మంచిది. నమ్మకం ఉన్నవాడికి నమ్మకం బలమే. ఆ బలంతో ఆసుపత్రి మెట్లు ఎక్కాలి.

కుర్రవాడు సెలవులు అయిపోయి వెళ్లేటప్పుడు, "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగాడు. మోత ఎక్కువైంది గానీ అబద్ధం లేదు అన్నాం. వాడు తాత తుడుము అటక మీద ఉందనీ, తోలు వదులైందనీ చెప్పాడు. దించి నిప్పు దగ్గర కాచమన్నాం. ఏం వాయించాలో వాడి ఇష్టం.