పరుల రాతలో మన దిద్దుబాటు

చాలా ఏళ్ల క్రితం రేడియోధార్మికతపై నేను అనువదించిన వ్యాసం ఒకటి అచ్చయింది. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల సంవత్సరాలని నేను రాశాను. అచ్చులో అది ‘అల్పాయువు’ అయింది! ప్రూఫులు దిద్దినాయనకు నా మాట తప్పుగా తోచింది. తనకు తెలిసిన మాట పెట్టాడు. అన్ని కోట్ల ఏళ్లు ఉండేదానికి అల్పాయువేమిటని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆయనలో దురుద్దేశమేమీ లేదు. నిజం చెప్పాలంటే అదే వ్యాసంలో నా తప్పులు నాలుగైదు ఆయనే పట్టుకున్నాడు.

లినక్స్ ప్యాకేజీలు తయారుచేసేవారి పనిని తూకం వేయాలని కూర్చుంటే నాకు ఆ అల్పాయువే గుర్తుకొస్తుంది. ఎందుకో చెబుతాను.

లినక్స్ అంటే నిజానికి కంప్యూటర్‌ను నడిపించే మూలభాగం, అంటే కెర్నెల్ మాత్రమే. దాని చుట్టూ వేలాది ప్రోగ్రాములు చేరితేగాని అది మన బల్లమీద పనికిరాదు. ఆ ప్రోగ్రాములను ఎక్కడెక్కడివారో రాస్తారు. వాటన్నింటినీ సేకరించి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేసి అందించేదే డిస్ట్రిబ్యూషన్. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అలాంటిది. 2025 ఆగస్టులో విడుదలైన దాని 13వ వెర్షన్‌లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. ఉబుంటు వంటివి ఎన్నో దానిమీదే నిలబడ్డాయి. మన తెరమీద తెలుగు అక్షరాలు చూపించే లోహిత్ ఫాంటు కూడా అక్కడ ఒక ప్యాకేజీయే.

మీరు కాలేజీ కంప్యూటర్‌లో ఒక్క వాక్యం టైపు చేస్తే ప్రోగ్రాము దిగి కూర్చుంటుంది. ఆ ఒక్క వాక్యం వెనుక, చాలావరకు జీతం లేకుండా పనిచేసే ప్యాకేజీ నిర్వాహకుడు ఒకడుంటాడు. మూలకర్త రాసిన ప్రోగ్రామును తీసుకుని, దాని లైసెన్సు ఏమంటుందో చదివి, అది ఏయే లైబ్రరీల మీద ఆధారపడుతుందో రాసి, ఏ ఫైలు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తాడు. అవసరమైతే ప్రోగ్రామునే దిద్దుతాడు. ఈ దిద్దుబాటునే ప్యాచ్ అంటారు. వివాదమంతా దీని దగ్గరే. పరుల రాతను దిద్దే హక్కు అతనికి ఎంతవరకు ఉంది?

ముందుగా మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. డెబియన్‌లో దిద్దుబాటు మూలంలో కలిసిపోదు. మూలం మూలంగానే ఉంటుంది. దిద్దుబాట్లు విడిగా, ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలుగా ఉంటాయి. ఎవరు, ఎందుకు మార్చారు, మూలకర్తకు పంపారా లేదా అని పైన రాసుకునే పద్ధతి కూడా ఉంది. మన పాత కావ్యాల పరిష్కర్తలు పాఠాంతరాలను పుట అడుగున చూపించినట్లన్నమాట. అనువాదకులం మేమెవరమూ ఇంత నిజాయితీగా లెక్క అప్పజెప్పము. 1997లో డెబియన్ ఆమోదించిన సామాజిక ఒప్పందంలో లోపాలను దాచబోమని, చేసిన మెరుగుదలలను మూలకర్తలకు తిరిగి అందిస్తామని మాట ఇచ్చారు. వారిని వారు పెట్టుకున్న ఈ కొలబద్దతోనే కొలవడం న్యాయం.

ఇక అల్పాయువు సంగతి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనేది గుప్తలిపి పనులు చేసే లైబ్రరీ. గుప్తలిపికి తాళంచెవులు కావాలి. అవి ఎవరూ ఊహించలేని సంఖ్యల నుంచి పుట్టాలి. అందుకని ఆ లైబ్రరీ కంప్యూటర్‌లో దొరికే రకరకాల అనిశ్చితాలను పోగుచేసి ఒకచోట కలుపుతుంది. కలిపే వాక్యం దాదాపు ఒకే రూపంలో రెండు చోట్ల ఉండేది. ఒకచోట అది ఇంకా ఏ విలువా నింపని మెమరీని కూడా కలిపేది. ఆ వాక్యం ఉంటే ఉంది, లేకుంటే లేదు. రెండోచోట ఉన్నది మాత్రం ప్రాణం. పోగుచేసిన అనిశ్చితమంతా లోపలికి వెళ్లేది అక్కడి నుంచే. వాల్‌గ్రైండ్ అనే పరీక్షా సాధనం రెండు వాక్యాలనూ తప్పుపట్టింది. డెబియన్ నిర్వాహకుడు రెండింటినీ పనిచేయకుండా చేశాడు. ముందుగా ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వారిని అడిగాడు కూడా. డీబగ్గింగ్‌కు పనికొస్తుందంటే తీసేయవచ్చన్నట్లుగా జవాబు వచ్చింది. అడిగినవాడు ఒకటనుకున్నాడు, చెప్పినవాడు మరొకటనుకున్నాడు.

ఫలితం? ఊహకందని సంఖ్యకు మిగిలిన ఆధారం ఒక్కటే, నడుస్తున్న ప్రోగ్రాముకు కంప్యూటర్ ఇచ్చే వరుస సంఖ్య. అప్పట్లో లినక్స్‌లో అది మామూలుగా 32,768 దాటేది కాదు. తాళంచెవి ఎంత పొడవైనదైనా, ఒక రకం యంత్రం మీద తయారుకాగలిగినవి ఆ మేరకే. దొంగ వాటన్నింటినీ ముందే చేసి గుత్తిగా పెట్టుకోవచ్చు! 2006 సెప్టెంబరులో డెబియన్‌లో చేరిన ఈ లోపాన్ని లూసియానో బెల్లో కనుగొన్నాడు. 2008 మే 13న డెబియన్ దాన్ని ప్రకటించింది. ఉబుంటుకూ అది పాకింది. డెబియన్ యంత్రంలో పుట్టి ఇంకెక్కడో వాడుతున్న తాళంచెవులు సైతం పనికిరాకుండా పోయాయి. సుమారు ఇరవై నెలలపాటు ఆ ప్యాచ్ అందరి కళ్లెదుటే ఉంది. దాచిందేమీ లేదు, చదివినవారే లేరు.

మూలకర్తల పక్షాన కోపం సహజమే. మారిస్తే మార్చండి గాని మా పేరు వాడవద్దని మొజిల్లా 2006లో పట్టుబట్టింది. దాంతో డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ పదేళ్లపాటు ఐస్‌వీజిల్ అనే పేరుతో తిరిగి, 2016లో సొంత పేరుకు వచ్చింది. అసలు దిద్దనే వద్దు, మూలకర్త ఇచ్చింది ఇచ్చినట్లే అందించండి అనే వాదం కూడా ఉంది. ఫ్లాట్‌ప్యాక్ వంటి పద్ధతుల్లో మూలకర్త తనకు కావలసిన లైబ్రరీలను తానే మూటగట్టి నేరుగా పంపవచ్చు. వినడానికి బాగుంది. 2014 ఏప్రిల్‌లో అదే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు డెబియన్ అదే రోజున సవరించిన ప్యాకేజీ విడుదల చేసింది. ఆ ఒక్కటి మార్చి, నడుస్తున్న సేవలను మళ్లీ మొదలుపెడితే, దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ బాగుపడ్డాయి. ప్రతి మూటలోనూ ఒక్కొక్క నకలు ఉంటే, ప్రతి మూటనూ ఎవరో ఒకరు విప్పి మార్చాలి. ఆ ఎవరో ఒకరు ఎవరని అడిగితే ఈ వాదానికి జవాబు లేదు.

మూలకర్త పంపిందంతా పవిత్రమనుకోవడానికీ లేదు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనానికి సాయం చేస్తూ వచ్చారు. దాన్ని ఏళ్లుగా దాదాపు ఒంటరిగా మోస్తున్న వ్యక్తి నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం పొందారు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. విషాన్ని పరీక్ష ఫైళ్ల రూపంలో దాచారు. దాన్ని బయటికి లాగే ముక్క బహిరంగ భాండారంలో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయడం వల్ల మార్చి 29న గుట్టు బయటపడింది. అప్పటికి అది డెబియన్ పరీక్షా శాఖల్లోకి వచ్చేసింది. స్థిర వెర్షన్‌కు మాత్రం చేరలేదు. కొత్తదాన్ని నెలల తరబడి నానబెట్టే డెబియన్ నిదానాన్ని ఎగతాళి చేసేవారు ఈ సంగతి గమనించాలి.

కాని డెబియన్‌ను ఇక్కడ పూర్తిగా వదిలిపెట్టలేను. ఎస్‌ఎస్‌హెచ్ సేవను అందించే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో పనేమీ లేదు. ఆ సేవ సిద్ధమైందని సిస్టమ్‌డీ అనే నిర్వహణ వ్యవస్థకు కబురు చెప్పడం కోసం డెబియన్, మరికొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఒక ప్యాచ్ వేశాయి. అందుకు సిస్టమ్‌డీ లైబ్రరీని కలిపాయి. ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ కూడా లోపలికి వచ్చింది. ఒక చిన్న కబురు కోసం ఇంటి తలుపు బార్లా తీసిపెట్టారు. దొంగ వచ్చింది ఆ తలుపులోంచే.

కాబట్టి నా అభ్యంతరం దిద్దడం మీద కాదు. మూలకర్త కాదన్నా, పలకకపోయినా, దిద్దుబాటు ఏళ్ల తరబడి నిర్వాహకుడి దగ్గరే ఉండిపోవడం మీద. మూలకర్తకు పంపారా అన్న వరుసలో ‘లేదు’ అని రాసి ఊరుకుంటే ఒప్పందంలోని అక్షరం నిలుస్తుంది గాని, ఆ ప్యాచ్‌ను చదివే రెండో మనిషి ఉండడు. తప్పు మూలకర్తలదీ ఉంది. వేలమంది వాడుతున్న ప్యాచ్ తమ ప్రోగ్రాముకు లోపమేదో చూపిస్తోందని వారు గుర్తించాలి. గుర్తిస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. 2024 జులైలో విడుదలైన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ కబురు చెప్పే ఏర్పాటును మూలకర్తలే రాశారు. సిస్టమ్‌డీ లైబ్రరీ అవసరం లేకుండానే.

డెబియన్ ఏ ప్యాకేజీ మూలాన్ని దించుకున్నా అందులో డెబియన్ అనే డైరెక్టరీ, చాలావాటిలో దాని లోపల ప్యాచెస్ అనే మరో డైరెక్టరీ కనబడతాయి. సి భాష కొద్దిగా వచ్చినవారెవరైనా తెరిచి చదవవచ్చు. చాలా ప్యాచ్‌లు చిన్నవే.