తుమ్మబంకలో తేలిన బొమ్మలు

బిజినేపల్లి వైపు చేలగట్ల మీద నల్లతుమ్మలకు కొదవ లేదు. మానుకు గాటు పడితే బంక కారి, ఎండి, తేనెరంగు గడ్డ కడుతుంది. గిల్లుకొచ్చి నానబెడితే కాగితాలు అంటించే జిగురు తయార్. ఇదే తుమ్మ జాతికి చెందిన ఆఫ్రికా చెట్ల బంకతో ఒకప్పుడు ఫొటోలు అచ్చువేసేవాళ్లు. ఆ పనిలో చెయ్యి తిరిగిన ఒకామె గెర్ట్రూడ్ కేసెబియర్.

1852లో అమెరికాలో పుట్టిన ఆమె, ముగ్గురు పిల్లల తల్లయ్యాక, 37వ ఏట బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రలేఖనానికి చేరింది. కుంచె కోసం వెళ్లి కెమెరా పట్టింది. అప్పటికే, 1888లో, కొడాక్ పెట్టె కెమెరా బజారుకొచ్చింది. మీట నొక్కితే చాలు, కడిగి అచ్చువేసే పనంతా కంపెనీదే. ఫొటోను చిత్రకళలా మలిచే కేసెబియర్ లాంటి పిక్టోరియలిస్టులకు మాత్రం అసలు పని మీట నొక్కాకే మొదలు.

నానిన బంకలో నీటిరంగు కలిపి, నారింజ రంగు పొటాషియం బైక్రోమేట్ ద్రావణం పోస్తారు. మందపాటి కాగితానికి కుంచెతో పూసి చీకట్లో ఆరబెడతారు. దాని మీద నెగెటివ్ పరిచి ఎండ చూపిస్తారు. బొమ్మ ఎంత ఉండాలో నెగెటివూ అంతే ఉండాలి. వెలుగు తగిలినచోట బంక గట్టిపడి రంగును పట్టేసుకుంటుంది. కాగితాన్ని నీళ్లలో బోర్లిస్తే, తగలనిచోట మెత్తగా మిగిలిన బంక రంగుతో సహా మెల్లగా జారిపోతుంది. మందులేవీ అక్కర్లేదు, మామూలు నీళ్లే. తడి ఆరకముందే కుంచె ఆనిస్తే వద్దనుకున్న వివరం చెరిగిపోతుంది. నలుపు చాలకపోతే ఆరాక మళ్లీ పూత, మళ్లీ ఎండ.

అందుకే ఒకే నెగెటివ్ నుంచి తీసిన రెండు అచ్చులు ఒకేలా ఉండవు.

ఆ రోజుల్లో మన దగ్గరా కెమెరా వెనక ఆడవాళ్లు లేకపోలేదు. 1892లో ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, మిసెస్ కెన్నీ-లెవిక్‌కు అప్పజెప్పాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫొటో తీసేదీ, తీయించుకునేదీ ఆడవాళ్లే. పరదా దాటకుండా ఫొటో దిగగలగడం అక్కడి గొప్ప. స్టూడియో పేరు మాత్రం దీన్‌దయాళ్‌దే. కేసెబియర్‌కు సొంత పేరే దక్కింది. 1899లో ఆమె ‘ది మేంజర్’ అచ్చు ఒకటి వంద డాలర్లకు అమ్ముడైంది. 1903 జనవరిలో ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ పత్రిక ‘కెమెరా వర్క్’ తొలి సంచికలోనే ఆమెకు పెద్దపీట వేసింది.

అన్నిటికీ ఆమె బంక వాడలేదు. 1899 నాటి ‘బ్లెస్డ్ ఆర్ట్ దౌ అమాంగ్ విమెన్’కు ప్లాటినం కాగితం ఎంచుకుంది. గడప దగ్గర తెల్లటి వదులు గౌనులో తల్లి. పక్కన ముదురు రంగు గౌనులో కూతురు, నిటారుగా, మన వైపే చూస్తూ. ప్లాటినం కాగితపు నారలోకి ఇంకుతుంది కాబట్టి మెరుపుండదు, తెలుపుకీ నలుపుకీ మధ్య ఛాయలెన్నో పలుకుతాయి. ఆ తల్లి రచయిత్రి ఆగ్నెస్ లీ. కొన్నేళ్లకు ఆ పాప చనిపోయింది.

1904 ప్రాంతంలో ఆగ్నెస్‌ను కేసెబియర్ మళ్లీ ఫొటో తీసింది. ‘ది హెరిటేజ్ ఆఫ్ మదర్‌హుడ్’లో ఆమె ఆరుబయట ఒంటరిగా కూర్చుని ఉంటుంది, చేతులు ఒళ్లో ముడుచుకుని, ముఖం పైకెత్తి. ఈసారి అచ్చు బంకతోనే. గడపా లేదు, గోడా లేదు. చుట్టూ నేల ముతక పూతలో కలిసిపోయింది. ముఖం మీద రంగు పలచబడి, కాగితపు తెలుపు పైకి తేలింది.