కుళ్లాయి కింది గొంతు

వెంబకోట్టైలో ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మార్గళి, అంటే మన ధనుర్మాసం, వచ్చిందంటే మాత్రం రెండూ శ్రీవిల్లిపుత్తూరు బస్సే ఎక్కుతాయి. శివకాశి బాణసంచా మందు వాసన వెనకబడ్డాక 192 అడుగుల రాజగోపురం కనిపిస్తుంది. ఆముక్తమాల్యదలో కృష్ణరాయలు మనకు చూపించిన విల్లిపుత్తూరు ఇదే. కానీ నేను వెళ్లేది అరైయర్ సేవ కోసం, ఆళ్వార్ల తమిళ పాశురాలను స్వామి ముందు పాడి అభినయించే సేవ కోసం.

ఆ సేవ జరిగే అధ్యయనోత్సవమంటే పది పగళ్లు, పది రాత్రులు. అరైయర్ వస్తారు. తలమీద చెవులు కప్పే పొడుగాటి కుళ్లాయి, చేతిలో చిన్న తాళాలు. వాటిని గట్టిగా మోగించరు, అంచుకు అంచు తాకిస్తారు, అంతే. ఆ సన్నటి నాదం ఆరేలోగా పాశురం అందుకుంటారు. పాట అందామా, సంగతుల సింగారం లేదు. చదువు అందామా, గొంతు నేలమీద నిలవదు. మాట కాస్త లేస్తుంది, ఒక అక్షరం మీద సాగుతుంది, మళ్లీ దిగుతుంది.

మొదటిసారి నాకు నిరాశే కలిగింది, దాచుకోను. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ రాగాలు కట్టిన తిరుప్పావైని ఎం.ఎల్. వసంతకుమారి గొంతులో విని పెరిగిన చెవి నాది. అక్కడ ప్రతి పాశురమూ తల దువ్వుకుని పూలు పెట్టుకుని వస్తుంది. ఇక్కడ తలంటుకుని, ఇంకా ఆరని జుట్టుతో వచ్చి నిలబడింది. రెండో ఏడు గాని తెలియలేదు: ఇది మనకు వినిపించాలని పాడుతున్నది కాదు. స్వామికి చెప్పుకుంటున్న మాట మన చెవిన పడుతోంది.

ముత్తుకురి ఘట్టం చూడాలి. తిరుమంగై ఆళ్వారు పాశురాల్లోని నాయిక విరహంతో మంచం పట్టింది. తల్లి ఎరుకలసానిని పిలిపించింది. ఆమె గుడ్డ పరిచి, ముత్యాలు పోసి, వేలితో జరుపుతూ ఈ జబ్బు ఎవరి వల్లనో చెబుతుంది. తల్లీ కూతురూ ఎరుకలసానీ ముగ్గురూ ఆ ఒక్క అరైయరే. వేషం మార్చరు, కుళ్లాయి తీయరు. ముత్యాలు జరుగుతున్నంతసేపూ నేను రెప్ప వేయలేదు.

ఈ గొంతు ఒకసారి తెగి అతుక్కున్నదే. సంప్రదాయం చెప్పే కథ ఇది: కాట్టుమన్నార్ కోయిల్లో నాథమునులు యాత్రికుల నోట పది పాశురాల పదికం ఒకటి విన్నారు. వెయ్యింటిలో ఇవి పదేనని అందులోనే ఉంది. మిగతావేవీ? కుంభకోణంలో అడిగితే తెలియదన్నారు. చివరకు ఆళ్వార్ తిరునగరిలో మధురకవి పాశురాలను 12,000 సార్లు జపించి ఆ వెయ్యే కాక ఆళ్వార్ల పాశురాలు నాలుగు వేలూ పొందారు, స్వరం కట్టి ఇద్దరు మేనల్లుళ్లకు నేర్పారు. ఇలాగే ఫ్రాన్సులో సొలెమ్ క్రైస్తవ మఠం సన్యాసులు 19వ శతాబ్దంలో గ్రిగోరియన్ గానాన్ని పాత రాతప్రతులు చూసి నిలబెట్టారు. ఇక్కడ పెద్ద ఆధారం తండ్రి గొంతే. అందుకే శ్రీరంగం, శ్రీవిల్లిపుత్తూరు, ఆళ్వార్ తిరునగరి, మేల్కోటే అని ఈ సేవ మిగిలిన ఊళ్లను వేళ్లమీద లెక్కపెట్టుకోవలసి వస్తోంది. వారసులూ మగవాళ్లే. తిరుప్పావై పాడిన గోద పుట్టిన ఈ ఊళ్లో కూడా ఆ కుళ్లాయి ఆడతల ఎక్కలేదు. నాకది ముల్లే.

ఈ ధనుర్మాసంలో వెళ్తే మైకు పెట్టెల దగ్గర నిలబడకండి. తాళాల అంచులు తాకడం వినబడేంత దగ్గరలో ఒక స్తంభం చూసుకోండి.