అరటి పువ్వు: వగరును అదుపులో పెట్టే వంట

మధ్యధరా తీర దేశాల్లో ఆర్టిచోక్ అనే ముళ్ళజాతి మొక్క మొగ్గను విచ్చుకోకముందే కోసి వండుకుంటారు. కృష్ణా డెల్టాలో ఆ స్థానం అరటి పువ్వుది. సంతలో రెండూ కూరగాయలుగానే చెలామణి అవుతున్నా నిజానికి రెండూ మొగ్గలే. రెండింటికీ పైన గట్టి డొప్పలు, లోపల లేత గర్భం ఉంటాయి, కోసిన చోట గాలి తగిలితే రెండూ నల్లబడతాయి. తినే భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది. ఆర్టిచోక్‌ను ఉడికించి, ఒక్కొక్క రేకునూ ఊడదీసి, దాని మొదట్లో ఉండే కండను పళ్ళతో గీరి తిని, మధ్యలో నూగులా ఉండే పూలను గీకి పారేసి, చివరికి అడుగున మిగిలిన మెత్తని దుంపలాంటి భాగాన్ని తింటారు. అరటి మొగ్గలోనేమో డొప్పలను పారేసి, వాటి చాటున దాగిన పూలనే ఏరుకుంటారు.

ఈ మొగ్గ రైతుకు అదనపు రాబడే గాని నష్టం కాదు. నాటిన ఏడెనిమిది నెలలకు అరటి చెట్టు నడినెత్తి నుంచి గెల వెలువడి కిందికి వంగుతుంది. ముందుగా విచ్చుకునే డొప్పల కింద ఉన్నవి ఆడ పూలు, అవే అత్తాలుగా మారి కాయలవుతాయి. ఆ తరువాత కొసన మిగిలే ఎర్రని మొగ్గలో ఉన్నవన్నీ మగ పూలు గనుక అవి ఎన్నాళ్ళున్నా కాయ కట్టవు. చివరి అత్తం నిలదొక్కుకున్నాక ఈ మొగ్గను విరిచేస్తే చెట్టు బలం కాయలకు మళ్ళి గెల బాగా ఊరుతుందని రైతులు చెబుతారు, వ్యవసాయ శాస్త్రం సిఫారసు చేసేదీ అదే. కృష్ణా నది ఒండ్రు మేటవేసిన లంక భూముల్లో, 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట మీద, దాని తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి మీద ఆధారపడిన కాలువల కింద అరటి, కంద, పసుపు కలిసి పెరిగే తోటలున్నాయి. ఈ మూడూ డెల్టా వంటింట్లో తరచూ కలుసుకుంటాయి.

విజయవాడలో ఈ పువ్వు రైతు బజార్లలోనూ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి సభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు పేరు పెట్టుకున్న మార్కెట్టులోనూ దొరుకుతుంది. డొప్పలు బిగుతుగా ముడుచుకుని, చేతికి బరువుగా తగిలి, తొడిమ కోసిన చోట ఇంకా తడిగా ఉన్న పువ్వునే తీసుకోవాలి. డొప్పలు వెనక్కి మెలితిరిగి, కొస ఎండిపోయిందంటే కోసి చాలా సేపయిందని అర్థం. అరటి రకాన్ని బట్టి వగరు మారుతుంది, కొన్ని రకాల పువ్వు చేదుగా కూడా ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న ఇల్లాలు పువ్వు ఏ రకం చెట్టుదో అమ్మేవాళ్ళను అడిగి గాని బేరమాడదు.

అసలు పని ఒలవడంతో మొదలవుతుంది. అరటి పాలు చేతులకూ బట్టలకూ అంటితే ఒక పట్టాన వదలని మరక పడుతుంది గనుక, ముందుగా అరచేతులకూ కత్తిపీట అంచుకూ నూనె రాసుకుంటారు. పక్కన ఒక గిన్నెలో పలుచని మజ్జిగ పెట్టుకుంటారు. పై డొప్పను లేపితే దాని కింద రెండు వరుసలుగా అంటుకున్న పూలు బయటపడతాయి, వాటిని మొదలుతో సహా గుత్తిగా లాగి, కొసలను అరచేతిలో కాస్త నలిపితే అవి విచ్చుకుంటాయి. ఒక్కొక్క పువ్వులో రెండు భాగాలు పనికిరావు. ఒకటి, మధ్యలో నిటారుగా నిలిచి, తల దగ్గర ఉబ్బిన సన్నని పుల్ల. వృక్షశాస్త్రంలో దీన్ని కీలం అంటారు. రెండవది, పువ్వు మొదట్లో అంటుకుని ఉండే, గాజులా పారదర్శకమైన చిన్న పొర. ఈ రెండూ ఎంత ఉడికించినా మెత్తబడవు, నోట్లో పీచులా అడ్డుపడతాయి. కాబట్టి ప్రతి పువ్వునుంచీ, ఒక్కటి కూడా వదలకుండా, వేళ్ళతో పట్టి లాగేయాలి. లోపలికి వెళ్ళేకొద్దీ పూలు చిన్నవై, డొప్పల రంగు ఊదా నుంచి గులాబీకి, గులాబీ నుంచి దంతపు తెలుపుకు దిగుతుంది. అక్కడికి చేరాక ఏరవలసింది ఏమీ ఉండదు, ఆ లేత గర్భాన్ని అలాగే తరిగి వేసుకోవచ్చు. ఈ వంటలో అసలు ఖర్చు ఈ ఒలుపుడు మీద పెట్టే సమయమే. ఉమ్మడి కుటుంబాల్లో నలుగురు కూర్చుని మాటల్లో పడి చేసుకున్న పని ఇప్పుడు ఒక్కరి నెత్తిన పడింది, ఈ కూర అరుదైపోవడానికి అంతకు మించిన కారణం వెతకనక్కరలేదు.

తరిగిన పూలు నల్లబడటానికి కారణం, వాటిలోని కొన్ని పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే. ఎంజైములనే జీవరసాయనాలు ఆ చర్యను వేగిరపరుస్తాయి, పులుపు వాటిని నెమ్మదింపజేస్తుంది. తెలుగింట్లో మజ్జిగ చేసే పనిని ఆర్టిచోక్ వండేవాళ్ళు నిమ్మరసం కలిపిన నీళ్ళతో చేస్తారు.

రంగు కన్నా పెద్ద చిక్కు వగరు. టానిన్లు అనే పదార్థాలు నోటిలోని లాలాజలపు మాంసకృత్తులను పట్టుకోవడంవల్ల నాలుక బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, ఆ అనుభవమే వగరు. దీన్ని దించడానికి పాతకాలపు పద్ధతి ఏమిటంటే, ఒలిచిన పూలకు ఉప్పు, పసుపు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఊరిన నల్లని నీళ్ళను గట్టిగా పిండేయడం. రోలు లేని ఇళ్ళలో మిక్సీని రెండు సార్లు తిప్పి ఆపుతారు, మూడోసారి తిప్పితే ముద్దయిపోతుంది. కొందరు ముక్కలను ముందుగానే ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తారు. అది సులువే గాని, వగరుతోపాటు పువ్వు రుచి కూడా ఆ నీళ్ళతోనే వెళ్ళిపోతుంది. ఈ కూర ఉద్దేశం వగరును పూర్తిగా తుడిచేయడం కాదు, నాలుక చివర దాని జాడ తెలిసేంతగా మిగల్చడం. పిండే చేతి పట్టు తెలిసినవాళ్ళ కూర వేరుగా ఉండేది అందుకే.

పిండిన పువ్వును చింతపండు రసంలో ఉప్పు, పసుపు వేసి, తడి ఇంకిపోయేదాకా ఉడికిస్తారు. పసుపుకు ఈ డెల్టాలో కొరత లేదు, విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే దారిలోని దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు పెట్టింది పేరు. మూకుడులో నూనె కాగాక శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, చీల్చిన పచ్చిమిర్చి, అల్లం ముక్కలు, కరివేపాకు వరుసగా వేసి, పప్పులు ఎర్రబడ్డాక ఉడికిన పువ్వును అందులో వేసి పొడిపొడిగా అయ్యేవరకూ మగ్గనిస్తారు. ఉల్లి, వెల్లుల్లి ఇందులోకి రావు. అందుకే కార్తిక మాసపు వంటల్లోనూ ఇది ఇమిడిపోతుంది.

మిగిలింది ఆవ. నానబెట్టిన ఆవాలను ఉప్పు, ఎండుమిరపకాయ చేర్చి కొద్ది నీళ్ళతో నూరి కూరలో కలపడాన్ని ఆవ పెట్టడం అంటారు. పనసపొట్టు, కంద బచ్చలి, అరటి దూట కూరలకూ ఇదే మర్యాద. ఆవగింజ పగలనంతవరకూ దానిలో ఘాటు లేదు. గింజలోని ఒక గంధక పదార్థమూ, దాన్ని విడగొట్టే ఎంజైమూ వేర్వేరు అరల్లో ఉంటాయి, తడితో నూరినప్పుడే అవి కలిసి, ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. ఎంజైము వేడికి చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు ఆవిరితో ఎగిరిపోతుంది. కాబట్టి ఆవ ముద్దను పొయ్యి మీద ఉన్న కూరలో కాక, దించి కొంత చల్లారిన కూరలోనే కలపాలి. మరీ ఎక్కువసేపు నూరితే చేదెక్కుతుంది, ఎక్కువ పెడితే మరే రుచీ తెలియదు. ఈ మోతాదును చెంచాల లెక్కలో చెప్పే వంటల పుస్తకాలున్నాయి గాని, ఆవాల పాతదనాన్ని బట్టి ఘాటు మారుతుంది గనుక ఆ లెక్కను నమ్ముకోవడం కన్నా కొద్దికొద్దిగా కలిపి రుచి చూసుకోవడం మేలు.

ఆవ పెట్టిన కూరను వెంటనే వడ్డించరు, ఒక గంట ఊరనిస్తారు. పులుపు, వగరు, ఘాటు ఒకదాన్నొకటి సర్దుకునే గడువు అది. వేడి అన్నంలో కూర కలిపి, పైన పచ్చి నువ్వుల నూనె ఒక చెంచా వేసుకుంటే ఆవ ఘాటు మెత్తబడి పువ్వు రుచి పైకి తేలుతుంది. నెయ్యి ఇక్కడ అంతగా నప్పదు. పప్పు తరువాత, పులుసుకు ముందు తినడం పద్ధతి. ఆవ ఘాటు తెలిసిన నాలుకకు ఆ వెంటనే చారు చప్పగా తోస్తుంది, కాబట్టి మధ్యలో గుమ్మడికాయ పులుసు వంటిది ఒకటి ఉండటం మంచిది.

అరటి పువ్వు వంట తెలుగువాళ్ళ సొత్తేమీ కాదు. బెంగాలీలు దీన్ని మోచా అని కొబ్బరితో, రొయ్యలతో వండుతారు, తమిళులు కందిపప్పు ఉసిలిలో వేస్తారు, వియత్నాంలో సన్నగా తరిగి పచ్చిగానే సలాడ్‌లో కలుపుతారు. ఇటీవల బ్రిటన్‌లో శాకాహారులు డబ్బాలో నిల్వచేసిన అరటి పువ్వును పిండిలో ముంచి వేయించి చేపకు బదులుగా తింటున్నారు. దాని పొరలు పొరలుగా విడిపోయే గుణమే అందుకు కారణం. ఇక్కడ ఆరోగ్యం పేరిట దానికి జరుగుతున్న ప్రచారం అతిగా ఉంది. పీచు, పొటాషియం ఉన్న మంచి కూర అనడం నిజం, మందు అనడం మాత్రం కూరకూ మందుకూ రెంటికీ అన్యాయమే.

ఈ కూర చాలా హోటళ్ళ జాబితాలో కనిపించదు. ఒలిచేందుకు పెట్టే కూలిని బట్టి ధర కడితే గిరాకీ ఉండదు, ఒలవకుండా వండితే తినేవాడు మళ్ళీ రాడు. ఒలిచి పొట్లం కట్టిన పువ్వు కొన్ని దుకాణాల్లో దొరుకుతోంది; కొనేముందు పొట్లంలోని పువ్వును ఒకటి విప్పి, పుల్ల ఉందో లేదో చూసుకోవాలి. చేయి తిరగనివాళ్ళు మొదటిసారే ఆవ జోలికి పోకుండా, నానిన పెసరపప్పును పలుకుగా ఉడికించి, పిండిన పువ్వుతో కలిపి, పైన పచ్చికొబ్బరి తురుము చల్లిన కూరతో మొదలుపెట్టవచ్చు. పప్పు వగరును చాలావరకు తనలోకి లాక్కుంటుంది కాబట్టి పిండడంలో జరిగిన తప్పు అందులో బయటపడదు. మిగిలిన పువ్వుకు శనగపప్పు రుబ్బిన పిండి కలిపి వడలు వేసుకోవచ్చు, ఇంట్లో పిల్లలు మొదట అడిగేది వాటినే.