మిక్సర్ మీటలూ మౌఖిక పాఠమూ – ఒక పరిశీలన

మౌఖిక సాహిత్యం మీద పనిచేసే మన విద్యార్థులు పాఠచర్చను సాధారణంగా కాగితం మీద ఎత్తి రాసుకున్న ప్రతితో మొదలుపెడతారు. ఆ ప్రతికి మూలం ఒక రికార్డు. ఆ రికార్డులో ఎవరి గొంతు ఎంత వినబడాలో అంతకుముందే ఒకరు నిర్ణయించి ఉంటారు. ఆ నిర్ణయం జరిగేది భుజాన వేలాడే చిన్న మిక్సర్ మీద. తాళపత్ర ప్రతుల విషయంలో పరిష్కర్త ఎవరని అడుగుతాం. రికార్డు విషయంలో అడగం. మిక్సర్ పట్టుకున్నవాడు కూడా పరిష్కర్తే అన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

పరికరానికీ సిద్ధాంతానికీ సంబంధం కొత్తది కాదు. మిల్మన్ పారీ 1933–35 మధ్య యుగోస్లావియాలో వీరగాథా గాయకులను అల్యూమినియం డిస్కుల మీద రికార్డు చేశాడు. ఒక డిస్కు నిండగానే రెండోదానికి మారేలా జంట యంత్రం వాడాడు కాబట్టి గాయకుడు మధ్యలో ఆగవలసిన పని లేకపోయింది. పాడే వేగంలోనే రచన జరుగుతుందన్న వాదాన్ని ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో పుస్తకంగా విస్తరించాడు. ఆ వాదానికి ఆ యంత్రం కూడా ఒక ఆధారం. అయితే అక్కడ చాలావరకు ఒక గాయకుడు, అతని చేతిలో ఒక వాద్యం. మన బుర్రకథ అలాంటిది కాదు. కథకుడు తంబుర మీటుతూ, వేళ్ల అందెలు మోగిస్తూ, అడుగులు ముందుకూ వెనక్కూ వేస్తూ పాడతాడు. ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందానా అందుకుంటారు. వారిలో ఒకరు హాస్యం పలికిస్తే, మరొకరు లోకరీతి మీద వ్యాఖ్యానిస్తారు. కథ ముగ్గురి మధ్య నడుస్తుంది.

ఇక్కడ నా పొరపాటునే ఉదాహరణగా చెబుతాను. ఒక బుర్రకథకు మూడు మైకులు పెట్టి, మిక్సర్ నుంచి రెండు ట్రాకుల రికార్డరుకు పంపాను. గుమ్మెట దెబ్బకు వంతల మైకుల ముల్లు మాటిమాటికీ ఎర్రగీత దాటుతుంటే ఆ రెండు మీటలూ దించేశాను. గుమ్మెట తగ్గింది, దానితోపాటు మాటా తగ్గింది. తరవాత కథ ఎత్తి రాస్తే జవాబులున్నాయి, ప్రశ్నలు లేవు. కథకుడు కారణం లేకుండా నవ్వుతున్నాడు, ఒక విషయం నుంచి మరో విషయానికి దూకుతున్నాడు. ఆ దూకుడును మౌఖిక శైలీ లక్షణంగా విశ్లేషించి ఒక సదస్సులో పత్రం కూడా చదివాను. అది శైలీ లక్షణం కాదు, నా చేతివాటం. రెండు ట్రాకుల్లో కలిసిపోయిన గొంతులను మళ్లీ శుభ్రంగా విడదీయడం అప్పుడు నావల్ల కాలేదు.

అప్పుడు చేయవలసింది మీట దించడం కాదు, మైకు స్థానం మార్చడం. ఒకవైపే వినే మైకును వంత నోటికి దగ్గరగా పెట్టి, దాని వెనుక భాగం గుమ్మెటకు ఎదురుగా ఉండేలా తిప్పితే మాట నిలుస్తుంది, దెబ్బ తగ్గుతుంది. వీలైనప్పుడల్లా ప్రతి మైకునూ విడి ట్రాకులో రికార్డు చేయాలి. కలపడం ఇంటికి వచ్చాక చేసుకోవచ్చు. మైకులు కలిపేటప్పుడు గెయిన్ పూర్తిగా దించి ఉంచాలి. కండెన్సర్ మైకులున్న చోటనే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేయాలి. ఫేడర్లను సున్నా గుర్తు దగ్గర ఉంచి, కథకుణ్ణి గట్టిగా పాడమని, శిఖరాలు డిజిటల్ సున్నాకు 12 డెసిబెల్స్ కింద ఉండేలా గెయిన్ సరిచూడాలి. జనం ఎదుట అతను ఇంకా గొంతెత్తుతాడు. ఆ జాగా అందుకే.

లోపం కనబడితే ఒకేసారి నాలుగు మీటలు తిప్పరాదు. సోలో మీట నొక్కి ఒక్కొక్క మైకును హెడ్‌ఫోన్‌లో వినాలి. ముందు తీగ, తరవాత మైకు, ఆ తరవాత చానల్, ఇలా ఒక్కొక్కటే మార్చి చూడాలి. మీటరు సరిగా ఉన్నా ధ్వని బొంగురుగా పగిలితే మిక్సర్ లైన్ అవుట్‌పుట్‌ను రికార్డర్ మైకు రంధ్రంలో పెట్టారేమో చూడాలి. ఊరి లౌడ్‌స్పీకర్ పెట్టెకు కలపగానే గుయ్‌మనే రొద వస్తే అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ ధ్వని. మిక్సర్‌ను బాటరీ మీద నడపడం, మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం మార్గాలు. ప్లగ్గులో ఎర్త్ తీగను మాత్రం తీయకూడదు, అది ప్రాణాపాయం.

ఇంతకన్నా సూక్ష్మమైన ప్రశ్న ఏది రొద, ఏది పాఠం అన్నది. గాలి చప్పుడు తగ్గించే లో-కట్ మీట గుమ్మెట అడుగు స్వరాన్ని కూడా కోస్తుంది. లెవెల్‌ను తనంతట తానే సర్దే ఏర్పాటు, కథకుడు ఆగిన చోట చుట్టుపక్కల చప్పుడును పైకి లేపి ఆ మౌనాన్ని మింగేస్తుంది. ఇంట్లో ముసలమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టే పిల్లవాడి గొంతు అవాంతరం కాదు. ఆ ఊ ఆగితే కథ ఆగుతుంది. రాష్ట్రేతర విద్యార్థులకు ఇది మరింత ముఖ్యం. బరంపురంలోనో, రాజపాళయంలోనో, షోలాపురంలోనో రికార్డు చేసేటప్పుడు శ్రోత ఒడియాలో, తమిళంలో, మరాఠీలో అడిగిన ప్రశ్నకు చెప్పేవారు తెలుగులో బదులివ్వవచ్చు. ఆ ప్రశ్నను దించేస్తే అక్కడి తెలుగు ఎవరి మధ్య బతుకుతున్నదో చెప్పే సాక్ష్యం పోతుంది. శ్రోతలకూ ఒక మైకు, ఒక ట్రాకు కేటాయించాలి.

2019 నుంచి 32 బిట్ల ఫ్లోట్ పద్ధతి చిన్న రికార్డర్లలోకి వచ్చింది. లెవెల్ ఎక్కువైనా తరవాత దించుకోవచ్చు గనుక ఇక శ్రద్ధ అక్కరలేదని కొందరి అభిప్రాయం. ఇది సగమే నిజం. రికార్డర్‌లో శిఖరాలు తెగిపోవు గాని, మైకే తట్టుకోలేనంత ధ్వనినీ, మైకు పెట్టని గొంతునూ ఏ పద్ధతీ తిరిగి ఇవ్వలేదు.

సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు ప్రకటించడానికి పండితుల సహాయంతో అనేక ప్రతులు సేకరించి పోల్చి చూశాడు. అతని ఎంపికలతో మనం విభేదించగలం, ఎందుకంటే వేరే ప్రతులు మిగిలాయి. ఒక రాత్రి కథకు వేరే ప్రతి ఉండదు. కాబట్టి ప్రతి రికార్డుతోపాటు మైకులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ మీట ఎప్పుడు కదిపాం, దేన్ని కోశాం అన్నది ఒక పుటలో రాసి జతచేయాలి. నా పాత పత్రానికి అలాంటి పుట ఉంటే, చదివినవారెవరైనా నా తప్పును ఆనాడే పట్టుకొని ఉండేవారు.